ఇరవయ్యో పనస

నీహారిక చేసే ఉద్యోగం ఏమిటో ఆ వీధిలో ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. పొద్దున్న తొమ్మిదింటికి మేడ మీది గదిలోకి వెళ్లి, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, సాయంత్రం ఆరింటికి కిందికి దిగే పిల్లని చూసి, "రేడియోలో చేస్తోందా అండీ?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మామ్మ రాజరాజేశ్వరమ్మగారు మాత్రం, "పిల్లలకి డౌట్లు తీరుస్తుందండీ" అని టూకీగా చెప్పి ఊరుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. కంప్యూటరుకి పని పురమాయించడానికి పైథాన్ అని ఒక భాష ఉంది. దాన్ని ఆన్‌లైన్లో నేర్పే ఒక కంపెనీ, నేర్చుకుంటూ చిక్కుల్లో పడ్డ పిల్లలకి సాయం చెయ్యడానికి నీహారికని పెట్టుకుంది. అమలాపురానికి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఆ ఊళ్లో, తాతగారింట్లో కూర్చుని ఆ పిల్ల ఆ పని చేస్తోంది.

చిక్కులు కూడా కొత్తవేం కావు. రోజుకి నలభై మంది వస్తే నలభై మందివీ అవే అరడజను తప్పులు. వాక్యం చివర పెట్టాల్సిన రెండు చుక్కలు పెట్టరు. నాలుగు అక్షరాలు లోపలికి జరిపి రాయాల్సినదాన్ని అంచుకి తెచ్చి అంటిస్తారు. జాబితాలో పది పేర్లుంటే పదకొండోది తెమ్మంటారు. ఎక్కణ్ణుంచి తెచ్చేదని అది మొరాయిస్తే, కంప్యూటర్ పాడైపోయిందండీ అంటారు. వీటన్నిటినీ మించిన జబ్బు ఆగని లూపు. చేసిన పనే మళ్లీ మళ్లీ చెయ్యమని చెబుతారు, ఎప్పుడు ఆగాలో చెప్పరు. అది పాపం తిరుగుతూనే ఉంటుంది.

ఇవన్నీ నీహారికకి చూడగానే తెలిసిపోయేవి. అయినా చెప్పకూడదు. కంపెనీవాళ్ల నియమం అది. సూచన ఇవ్వచ్చుగానీ జవాబు ఇవ్వకూడదు. జవాబు చెప్పేస్తే పిల్లలు నేర్చుకోరట. ఆ నియమం పెట్టినాయన జన్మలో ఒక్క పిల్లకైనా ఎదురుగా కూర్చుని పాఠం చెప్పి ఉండడని నీహారిక అనుమానం.

తాతగారు పట్టాభిరామయ్యగారు ఘనపాఠి. పుస్తకం ముట్టకుండా రోజుల తరబడి వేదం చెప్పగల మనిషి. రెండేళ్ల క్రితం, ఇంకా అన్నీ సవ్యంగా ఉన్న రోజుల్లో, ఆయన మెట్లెక్కి నీహారిక గదిలోకి వచ్చారు.

"ఏవిటమ్మా, పొద్దుట్నించీ ఎవణ్ణో ఆపు ఆపు అంటున్నావు? పాపం ఏం చేసేడు వాడు?"

నీహారిక ఆగని లూపు గురించి చెప్పింది. ఆయన మంచం అంచున కూర్చుని శ్రద్ధగా విని, ఒక్కసారిగా నవ్వారు.

"ఓసినీ! ఇది మా జబ్బేనే. మా దగ్గర్నించి ఎప్పుడు పట్టుకెళ్లేరు మీరు?"

పనస అంటే ఆ ఇంట్లో పండు కాదు. వేదంలో యాభై పదాల ముక్క. ఆయన వేళ్ల మీద లెక్కపెడుతూ వివరించారు. ఏటా తన గురువుగారి తిథినాడు తాను పారాయణ చేసే భాగంలో ముప్పై ఏడు పనసలున్నాయి. నాలుగో పనసలో ఒక వాక్యం ఉంది. అచ్చంగా అదే వాక్యం పదహారో పనసలోనూ ఉంది. స్వరం కూడా అదే. ఆ తర్వాత వచ్చే పదం ఒక్కటే వేరు.

"పదహారులో ఉన్నవాడు పొరపాట్న నాలుగులో పదం అందుకున్నాడనుకో. మళ్లీ అయిదు, ఆరు, ఏడు... మళ్లీ పదహారు. మళ్లీ నాలుగు. గానుగెద్దే ఇంక. తిరుగుతున్నానని వాడికి తెలీదు, దారి సాఫీగానే ఉంటుందాయె!"

"మరి ఎలా ఆపుతారు తాతగారూ?"

"ఆపకూడదు. ఆపితే మొదటికొస్తాడు. సరిగ్గా ఆ మలుపు దగ్గర పక్కనున్నవాడు అసలు పదం అందించాలి. ఒక్కటే. రెండోది అందిస్తే చదివేవాడికి అవమానం."

ఆయన నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ పదం తనకి తెలుసని నీహారిక అనలేదు. ఆయనా అడగలేదు.

అది ఎలా తెలుసన్నది పాత కథ. నీహారికకి అప్పుడు ఎనిమిదేళ్లు. అన్న వేదవ్యాస్‌కి పది. రాజోలు దగ్గర టీచర్లుగా చేసే తల్లిదండ్రులు పిల్లలిద్దర్నీ తాతగారి దగ్గర ఉంచారు. తెల్లారగానే ముందుగదిలో చాప మీద వ్యాసుకి సంత జరిగేది. గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనడం, అదే సంత. మధ్యగదిలో మామ్మ పక్కన కూర్చుని బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతూ నీహారిక అదంతా వినేది. చెవులున్నాక వినకుండా ఎలా ఉంటుంది? విన్నది అంటుకోకుండా ఎలా ఉంటుంది? వ్యాసు రెండుసార్లు పైకి అంటే, ఆ పిల్ల మూడోసారి పెదాల లోపల అనుకునేది.

ఒకరోజు వ్యాసు అప్పటిదాకా వచ్చిందంతా మొదటి నుంచీ ఒప్పజెబుతూ పదహారో పనసలో ఆ మలుపు దగ్గర తడబడ్డాడు. తాతగారు చెప్పకుండా చూస్తున్నారు. వాడు నీళ్లు నములుతున్నాడు. ఇంతలో మధ్యగదిలోంచి ఆ పదం వినిపించింది. ఎత్తాల్సిన చోట ఎత్తి, దించాల్సిన చోట దించి, పొల్లు పోకుండా.

ముందుగదిలోంచి తాతగారి గొంతు వినిపించింది. "ఏమేవ్, ఆ తలుపు దగ్గరికి వెయ్యి."

అంతే. ఒక్క మాటా అనలేదు, చెయ్యెత్తలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది, ఏడ్చి మర్చిపోయేది. మర్నాటి నుంచీ సంత వేళకి ఆ టేకు తలుపు మూసి ఉండేది. మామ్మ ఆ పిల్లని పెరట్లోకి పంపేసేవారు. ఆడపిల్ల నోట వేదం రాకూడదన్నది ఆ ఇంట్లో ఎవరో పనిగట్టుకుని పెట్టిన నియమం కాదు. గోడల్లాగే అదీ వాళ్లు పుట్టకముందు నుంచీ ఉంది. గోడలతో ఎవరు తగువు పెట్టుకుంటారు?

తమాషా ఏమిటంటే, తలుపు లోపల కూర్చున్నవాడు కూడా నిలవలేదు. పద్నాలుగో ఏట వ్యాసు చదువులకి వెళ్లిపోయాడు. ఇప్పుడు రామచంద్రపురంలో లెక్కల లెక్చరరు. సంధ్యావందనం కూడా తీరికుంటేనే. తాతగారి మిగతా శిష్యుల్లో ఇద్దరు పోయారు, ఒకాయన చెవుడుతో కాకినాడలో ఉంటున్నాడు.

కిందటి ఏడాది వేసవి నుంచీ తాతగారికి మరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి. తర్వాత స్నానం చేశారో లేదో, భోంచేశారో లేదో. డాక్టరుగారు ఇది తిరిగి వచ్చేది కాదన్నారు. వేదం మాత్రం చెక్కుచెదరలేదని మామ్మ అందరికీ చెప్పుకునేవారు. దీపాలు పెట్టే వేళ ఆయన చదువుతుంటే విని, "అదుంటే చాలు, ఆయన ఉన్నట్టే" అనేవారు.

కార్తీక బహుళ దశమి. తాతగారి గురువుగారి తిథి. యాభై నాలుగేళ్లుగా ఆ రోజు ఆయన గురువుగారి పటం ముందు దీపం పెట్టి, ముప్పై ఏడు పనసలూ చదివి, హారతిచ్చేవరకూ పచ్చి మంచినీళ్లు ముట్టరు. మామూలుగా అయితే రెండు గంటల పని. ఎనభై రెండేళ్ల మనిషి, షుగరు ఉంది, ఈసారికి వద్దండీ అని మామ్మ చెప్పి చూశారు. అన్నీ మర్చిపోయిన మనిషి ఆ తిథిని మాత్రం మర్చిపోలేదు. ఆరింటికల్లా చాప మీద కూర్చుని మొదలుపెట్టారు.

ఏడు దాటాక మధ్యగదిలో ఉన్న నీహారికకి అనుమానం వచ్చింది. పదహారో పనస అయ్యాక పదిహేడు రాలేదు. అయిదు వచ్చింది. నీహారిక చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

ఒక చుట్టు తిరగడానికి అరగంట. రెండో చుట్టు అయ్యాక ఎనిమిదింటికి మామ్మ ఉండబట్టలేక భుజం మీద చెయ్యి వేసి, "కాసేపు ఆగండి, గొంతు తడుపుకోండి" అన్నారు. ఆయన ఉలిక్కిపడి ఆగి, గ్లాసు వైపు చూసి తల అడ్డంగా ఊపి, మళ్లీ మొట్టమొదటి పనస నుంచీ ఎత్తుకున్నారు. ఆ పైన ఆయన్ని ముట్టుకోవడానికి మామ్మకి ధైర్యం చాలలేదు. వ్యాసుకి ఫోను చేస్తే ఎత్తలేదు. పరీక్షల డ్యూటీ, మధ్యాహ్నం దాకా ఫోను ఆఫీసులో పెట్టించేస్తారు. వీధిలో ఆ పనసలు వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. గురువు నోటి నుంచి రావాల్సిందేనని ఆయన ఇంట్లో ఆ పుస్తకం కూడా ఉంచలేదు.

తొమ్మిదైంది. పదైంది. నీహారిక పైన గదిలో కూర్చుందన్నమాటేగానీ ప్రాణమంతా కిందే ఉంది. ఆ గొంతు బొంగురుపోతోంది. పదానికీ పదానికీ మధ్య ఊపిరి పొడుగవుతోంది. అయినా ఆగడం లేదు.

పదింబావుకి కుమారి అనే అమ్మాయి లైన్లోకి వచ్చింది. సముద్రం ఒడ్డున పల్లిపాలెం పిల్ల. తండ్రి చేపల వేటకెళతాడు. అమలాపురంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టే ప్రోగ్రాం రాసింది. అది ఒకటి, ఒకటి, ఒకటి అంటూ తెర నిండా నింపేస్తోంది. లోపల అంకెకి ఒకటి కలపమని రాయడం మర్చిపోయింది, అదీ తప్పు. మూడు రోజులుగా కుమారి దాంతోనే కుస్తీ పడుతోంది. మూడు రోజులుగా నీహారిక సూచనలిస్తూనే ఉంది.

"లూపు లోపల ఏది మారుతోందో చూసేవా కుమారీ?"

"ఆయ్, చూసేనండి మేడం. ఏమీ మారట్లేదండి."

"ఏది మారాలో ఆలోచించు మరి."

"ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కిపోయిందండి." అంది కుమారి. "మేడం, మీ వెనకాల ఎవరో ఏదో చదువుతున్నారు కదండీ?"

"మా తాతగారు. ఇబ్బందిగా ఉందా?"

"అబ్బే, బాగుందండి. కానండీ... అరగంట కిందట నేను లైన్లోకి వచ్చినప్పుడు కూడా ఇదే విన్నానండి. అచ్చం ఇదేనండి. అది కూడా తిరుగుతోందాండీ?"

వేదంలో ఒక్క అక్షరం తెలియని పిల్ల, ఎక్కడో సముద్రం ఒడ్డున, ఫోనులోంచి పట్టుకుంది.

"తిరుగుతోంది," అంది. "ఒక పదం అందక తిరుగుతున్నారు. ఆరింటి నుంచీ. నీళ్లు కూడా తాగలేదు."

"అయ్యో! ఆ పదం ఎవరికీ తెలీదాండీ?"

"నాకు తెలుసు."

"మరి చెప్పరేమండీ?"

కుమారి గొంతులో వెటకారం లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. "తెలిసీ చెప్పకపోతే ఎలాగండీ మేడం? పెద్దాయన కదండీ" అని, తను అధికంగా మాట్లాడానేమోనని భయపడి, "తప్పయితే ఏమనుకోకండేం" అంది.

"తప్పేం లేదమ్మా. రాసుకో. లూపు లోపల, చివర్న, అంకెకి ఒకటి కలుపు. అంతే. అది లేకే ఆగట్లేదు." హెడ్‌ఫోను బల్ల మీద పడేసి నీహారిక మెట్లు దిగింది.

మధ్యగది గుమ్మంలో మామ్మ నిలబడి ఉన్నారు, చేతిలో మంచినీళ్ల గ్లాసుతో. నీహారిక మొహం చూడగానే ఆవిడకి అర్థమైంది. పదహారేళ్ల కింద ఆ తలుపు వేసింది ఆవిడే. పక్కకి జరిగి దారి ఇచ్చారు.

"చెప్పవే తల్లీ," అన్నారు గుసగుసగా. "నే విన్లేదనుకుంటాను."

తాతగారు పదమూడో పనసలో ఉన్నారు. కళ్లు మూసుకుని ఉన్నారు. పెదాలు తెల్లగా ఎండిపోయాయి. నీహారిక గడప మీద నిలబడింది. పద్నాలుగు. పదిహేను. పదహారు మొదలైంది. ఆ వాక్యం వచ్చింది. వాక్యం అయిపోయి, ఆయన ఊపిరి తీసుకుంటున్న అర క్షణంలో ఆ పిల్ల నోరు తెరిచి ఆ పదం అంది. ఎనిమిదో ఏట అన్నట్టే. ఎత్తాల్సిన చోట ఎత్తి, దించాల్సిన చోట దించి.

ఆయన కనురెప్పలు కదిలాయి. గొంతు ఒక్క క్షణం గాల్లో ఆగింది. ఆ తర్వాత ఆ పదాన్ని అందుకుని, పదిహేడో పనసలోకి నడిచి వెళ్లిపోయారు.

మామ్మ చెంగు నోట్లో కుక్కుకున్నారు. నీహారిక గోడకి ఆనుకుంది. అంత సంతోషం ఆ పిల్ల ఎప్పుడూ ఎరగదు. ఇంత కష్టపడి ఆపిన లూపు ఇంకొకటి లేదు. పదిహేడు సాఫీగా సాగింది. పద్దెనిమిది సాగింది. గొంతులో జీవం వచ్చినట్టు కూడా ఉంది. నీహారిక ప్రతి పదానికీ మనసులో ఒక పదం ముందు నడుస్తోంది. పంతొమ్మిదో పనస మొదలైంది.

అప్పుడు తట్టింది ఆ పిల్లకి. ఒక పదం ముందు, రెండు పదాల ముందు, పనస చివరిదాకా ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎంత తడిమినా లేదు. తలుపు వేసిన రోజుకి వ్యాసు సంత పంతొమ్మిదో పనస దాకా వచ్చింది. ఇరవయ్యోది మర్నాడు తలుపు అవతల జరిగింది.

ఆయనకి వచ్చు, ఆయనే చెప్పుకుపోతారు, యాభై నాలుగేళ్లుగా చెబుతున్నారు అని నీహారిక గుండె దిటవు చేసుకుంది. పంతొమ్మిదో పనస ఆఖరి పదం అయింది. తాతగారు ఊపిరి తీసుకున్నారు. వదిలారు. మళ్లీ తీసుకున్నారు. కళ్లు తెరిచారు. దీపం వైపు, పటం వైపు చూశారు. పదం రాలేదు.

అప్పుడాయన మెల్లిగా తల తిప్పి, ఇందాక పదం వచ్చిన వైపు చూశారు. ఎన్నో నెలల తర్వాత ఆ కళ్లకి ఆ పిల్ల ఎవరో తెలిసింది.

"నీహారికా," అన్నారు. "తర్వాత?"

"నాకు రాదు తాతగారూ."

"అదేవిటమ్మా?" గొంతులో పాత గురువుగారి గద్దింపు. "పదహారు వచ్చినదానికి ఇరవై రాకపోవడమేవిటి? వినలేదా?"

నీహారిక చెప్పకూడదనే అనుకుంది. కానీ ఆ ప్రశ్నకి ఇంకో జవాబు లేదు.

"అక్కడి నించే తలుపు వేయించేసేరు కదండీ."

ఆయన తలుపు వైపు చూశారు. చాలాసేపు చూశారు. అది ఇప్పుడు బార్లా తెరిచి ఉంది, గడపకి పసుపు రాసి ఉంది. ఆ తలుపు గురించి ఏం గుర్తొచ్చిందో, ఎంత గుర్తొచ్చిందో గానీ, ఎండిపోయిన ఆ మొహం మీద కన్నీళ్లు కారాయి. ఆయన తుడుచుకోలేదు. ఎదురుగా చాప మీద, శిష్యులు కూర్చునే చోట చేత్తో తట్టారు.

"రా. కూర్చో. సంత చెబుతాను. నేను ఒకసారి, నువ్వు రెండుసార్లు."

నీహారిక వెళ్లి కూర్చుంది. వ్యాసు కూర్చున్న చోటే. ఎనిమిదో ఏట ఎన్ని రాత్రులు ఆ చోటు గురించి అనుకుందో ఎవరికీ తెలీదు. వీపు నిటారుగా పెట్టింది, చేతులు ఒళ్లో పెట్టుకుంది. తాతగారు కుడిచెయ్యి ఎత్తి, స్వరం పట్టడానికి గొంతు సవరించుకుని, నోరు తెరిచారు.

నోరు అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల ఎదురుచూసింది. ఆయన మళ్లీ మొదలుపెట్టబోయారు. మూడోసారి నీహారికే పంతొమ్మిదో పనస ఆఖరి పదం అందించింది, దాని తోక పట్టుకునైనా తర్వాతది వస్తుందేమోనని. ఆయన బుద్ధిగా ఆ పదాన్ని రెండుసార్లు అన్నారు. శిష్యుడిలా. ఆ తర్వాత ఏమీ లేదు. ఆయన దగ్గర ఉన్నప్పుడు ఆ పిల్లకి ఇవ్వలేదు. ఇద్దామనుకున్నప్పుడు ఆయన దగ్గర లేదు.

ఎత్తిన చెయ్యి మెల్లిగా ఒళ్లోకి దిగింది.

"ఏమేవ్," అన్నారు మామ్మతో, "మంచినీళ్లియ్యి."

యాభై నాలుగేళ్లలో మొదటిసారి, హారతి కాకముందే ఆయన నీళ్లు తాగారు. దీపంలో నూనె ఇంకా చాలానే ఉంది. డ్యూటీ అయ్యాక ఫోను చూసుకుని, మూడింటికి బస్సు దిగి వ్యాసు వచ్చేసరికి ఆయన మంచం మీద పడుకుని ఉన్నారు. మళ్లీ ఎవర్నీ గుర్తుపట్టడం లేదు. నీహారిక మాత్రం ఇంకా చాప మీదే కూర్చుని ఉంది. వ్యాసు పక్కన చతికిలబడి, తనకి పద్దెనిమిదో పనస కూడా గుర్తు లేదని చెప్పి తల దించుకున్నాడు.

సాయంత్రం మేడ మీదికి వెళ్లి కంప్యూటర్ కట్టేయబోతుంటే కుమారి నుంచి వచ్చిన మెసేజి కనబడింది.

"వచ్చేసిందండి మేడం. పది దగ్గర ఆగిపోయింది. ఇంత చిన్నదాండీ! ముందే చెప్పుంటే నాకు మూడు రోజులు కలిసొచ్చేవి కదండీ."

పొద్దుట్నుంచీ బిగబట్టిన ఏడుపు నీహారికకి అప్పుడొచ్చింది. ఆ పిల్లకి పోయినవి మూడు రోజులే.